నీళ్లలో జిడ్డెంత అని కాదు, ఏ జిడ్డు అని అడగాలి

తిరుపతిలో ఏదో ఒక మోస్తరు హోటల్ వెనక సందులోకి డిసెంబరు నెలలో పొద్దున్నే వెళ్లి చూస్తే కాలవ అంచున తెల్లగా ఒక పొర కనిపిస్తుంది. రాత్రి గిన్నెలు కడిగిన వేడినీళ్లతో కరిగి వచ్చిన నెయ్యి, డాల్డా, పామాయిలు చలికి అక్కడే పేరుకుని, వేలితో గీకితే గోట్లో ఇరుక్కునేంత మందం అవుతాయి. వేరుశనగ నూనె మాత్రం మన ఊరి చలికి గడ్డకట్టదు కాబట్టి ఇంకాస్త ముందుకు పోతుంది. అదే ఊళ్లో లారీలు కడిగే సర్వీసింగ్ షెడ్ దగ్గరికి వెళ్తే కాలవలో నీళ్లు నల్లగా, పైన రంగురంగుల తెట్టుతో ఉంటాయి. ఈ రెండు కాలవల నీళ్లూ ల్యాబ్‌కి పోతే రిపోర్టులో ఒకే పేరుతో, ఒకే వరసలో వస్తాయి: ఆయిల్ అండ్ గ్రీజ్, లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు. రెండింటికీ 18 వచ్చిందనుకుందాం. కాగితం మీద రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, నిజానికి వాటికి చుట్టరికం కూడా లేదు.

రిపోర్టులో చాలా వరసలు అలాంటివి కావు. క్లోరైడ్ అంటే క్లోరైడే, నైట్రేట్ అంటే నైట్రేటే. ఒక ల్యాబ్ ఒక పద్ధతిలో, ఇంకో ల్యాబ్ ఇంకో పద్ధతిలో చేసినా వెతికే వస్తువు ఒకటే. ఆయిల్ అండ్ గ్రీజ్ అనే వస్తువు మాత్రం కెమిస్ట్రీ పుస్తకంలో ఎక్కడా ఉండదు. దానికి ఫార్ములా లేదు. 'ఆమ్లం కలిపిన నీటి శాంపిల్‌ని ఫలానా ద్రావణితో కుదిపితే అందులోకి వచ్చి, ఆ ద్రావణిని ఆవిరి చేశాక అడుగున మిగిలేది' అన్నదే దాని నిర్వచనం. అంటే పరీక్ష ఎలా చేస్తామో అదే ఆ పదార్థం. పద్ధతి మారిస్తే పదార్థమే మారిపోతుంది. తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది, జిడ్డు. చేతికి నెయ్యి అంటినా, సైకిల్ చైన్ గ్రీజు అంటినా, తలనూనె అంటినా జిడ్డే అంటాం, ఏ జిడ్డు అని అడగం. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) వాళ్ల పట్టికలో ఆ వరస కూడా సరిగ్గా అలాగే ఉంటుంది.

పని జరిగే తీరు వంటింటి పనికి దగ్గరగానే ఉంటుంది. లీటరు శాంపిల్‌ని పీహెచ్ 2 కంటే తగ్గేదాకా ఆమ్లం కలిపి, పెద్ద గాజు సెపరేటింగ్ ఫన్నెల్‌లో పోసి, 30 మిల్లీలీటర్ల హెక్సేన్ అనే ద్రావణి వేసి రెండు నిమిషాలు గట్టిగా కుదుపుతారు. మధ్యమధ్యలో కాక్ తిప్పి లోపలి ఆవిరిని వదలాలి, లేదంటే మూత ఎగిరి మొహాన పడుతుంది. హెక్సేన్ కొత్తదేమీ కాదు, తవుడు నుంచి నూనె తీసే మిల్లులో, ఎక్స్‌పెల్లర్‌లో ఆడించాక వేరుశనగ చెక్కలో మిగిలిన నూనెను లాగే ఫ్యాక్టరీలో ట్యాంకర్లకొద్దీ వాడేది ఇదే. అక్కడ చెక్కలోంచి లాగుతుంది, ఇక్కడ నీళ్లలోంచి. నీళ్లకంటే తేలిక కాబట్టి కాసేపు నిలబెడితే పైన తేరుకుంటుంది. కింద నీళ్లను మళ్లీ అదే సీసాలోకి దించి, పైన మిగిలిన హెక్సేన్‌ని, తడి పీల్చుకోవడానికి పెట్టిన సోడియం సల్ఫేట్ మీదుగా, ముందే తూకం వేసిన ఫ్లాస్కులోకి వదలాలి. ఇలా మూడుసార్లు. తర్వాత హెక్సేన్‌ని ఆవిరి చేస్తారు. అది 69 డిగ్రీలకే మరిగిపోతుంది, వేడినీళ్ల తొట్టి చాలు. ఫ్లాస్కుని డెసికేటర్‌లో అరగంట చల్లార్చి మళ్లీ తూకం. రెండు తూకాల తేడాయే జిడ్డు.

ఒకప్పుడు ఈ పనికి ఫ్రియాన్-113 అనే ద్రావణి వాడేవాళ్లు. అది నీళ్లకంటే బరువు, అడుగున చేరేది, కాక్ తిప్పి ముందు దాన్ని దించుకుంటే సరిపోయేది, నీళ్లను కదిలించే పనే లేదు, పైగా మంట అంటుకోదు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకి అంతకంటే సుఖం ఏముంటుంది! కానీ అది ఓజోన్ పొరను తినే రకం. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1999లో హెక్సేన్‌తో చేసే 1664 పద్ధతిని ఖాయం చేసింది. మన దేశంలో ఈ పరీక్షకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3025లో 39వ భాగం ఉంది. ద్రావణి మారినప్పుడు జిడ్డు అంకెలు కూడా కాస్త అటూ ఇటూ కదిలాయి, ఎందుకంటే ఫ్రియాన్‌లోకి వచ్చేవన్నీ హెక్సేన్‌లోకి రావు. నీళ్లు అవే, కాలవ అదే, అంకె వేరు. అందుకే పాత రిపోర్టునీ కొత్త రిపోర్టునీ పక్కపక్కన పెట్టి తగ్గింది, పెరిగింది అనే ముందు కింద చిన్న అక్షరాల్లో ఉన్న పద్ధతి నంబరు చూడాలి.

ఈ వలలో పడేవి, తప్పించుకునేవి చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. పెట్రోలు నూనె కాదంటే ఎవరూ ఒప్పుకోరు, కానీ హెక్సేన్‌తో పాటే చాలావరకు ఆవిరైపోతుంది కాబట్టి ఈ పరీక్షకు సరిగా దొరకదు. పెట్రోలు బంకు కాలవ నీళ్లలో ఘాటు వాసన వస్తూ రిపోర్టులో జిడ్డు తక్కువ చూపిస్తే ల్యాబ్ మోసం చేసిందనుకోనక్కర్లేదు. మరోవైపు నూనెకు ఏ సంబంధం లేని గంధకం, ఆకుల పచ్చదనం, కొన్ని రంగులు హెక్సేన్‌లో కరిగి నూనె ఖాతాలో పడిపోతాయి. ఇక సబ్బు సంగతి. సబ్బు అంటే కొవ్వు ఆమ్లానికి సోడియం తగిలించినదే. శాంపిల్‌లో ఆమ్లం కలపగానే ఆ సోడియం ఊడిపోయి మళ్లీ కొవ్వు ఆమ్లం బయటపడుతుంది, అది హెక్సేన్‌లోకి వస్తుంది, జిడ్డుగా తూకానికి ఎక్కుతుంది. జిడ్డు వదలగొట్టడానికి వాడిన బట్టల సబ్బే రిపోర్టులో జిడ్డు అవుతుందన్నమాట.

గిన్నెలు తోమే లిక్విడ్‌తో బెడద వేరే రకం. అది ఎక్కువగా సింథటిక్ డిటర్జెంట్, కాబట్టి అలా మారదు, కానీ ఫన్నెల్‌లో కుదపగానే నీళ్లకీ హెక్సేన్‌కీ మధ్య చిక్కటి మజ్జిగలాంటి పొర కడుతుంది. ఎమల్షన్ అంటారు. గంటసేపు నిలబెట్టినా విడిపోదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి, గాజు దూది గుండా వంపాలి, సోడియం సల్ఫేట్‌తో కలియబెట్టాలి. హోటల్ నీళ్ల శాంపిల్ వచ్చిందంటే ల్యాబ్‌లో కుర్రాళ్లకి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. సాయంత్రం ఇంటికి పోయే తొందరలో ఆ మజ్జిగ పొరని నీళ్లతో పాటు పారబోస్తే అందులో చిక్కుకున్న జిడ్డు కూడా పోతుంది, కాగితం మీద హోటల్ శుభ్రంగా తేలుతుంది.

అయినా పెద్ద తప్పులు ల్యాబ్‌ దాకా రానక్కర్లేదు, కాలవ గట్టు మీదే జరిగిపోతాయి. వేరే చాలా పరీక్షలకి నీళ్లు పట్టేటప్పుడు సీసాని ఆ నీళ్లతోనే రెండుసార్లు కడిగి పట్టడం అలవాటు, అదే సరైన పద్ధతి కూడా. 'ఒకసారి కడిగి పట్టుకో నాయనా' అని పెద్దవాళ్లు చెప్పేదీ అదే. జిడ్డు విషయంలో మాత్రం ఆ మాట వినకూడదు. కడిగిన నీళ్లు పారబోసినా వాటిలోని నూనె సీసా గోడకు అంటుకునే ఉంటుంది, దాని మీద మళ్లీ శాంపిల్ పడితే రెండుసార్ల నూనె ఒక సీసాలో చేరి అంకె పెరుగుతుంది. ప్లాస్టిక్ క్యాన్‌లో పడితే ఇంకో గొడవ, నూనె ప్లాస్టిక్‌కి అంటుకుని రానంటుంది, అంకె తగ్గుతుంది. ఒళ్లంతా నూనె రాసుకుని పొర్లినా అంటేదే అంటుతుందంటారు, ఇక్కడ నూనెకి అంటుకోనిదంటూ లేదు. అందుకని వెడల్పు మూతి గాజు సీసా, ముందే హెక్సేన్‌తో కడిగి ఆరబెట్టింది, ఒక్క పరీక్షకి ఒక్క సీసా. లీటరు పట్టి అందులోంచి సగం ఒక పరీక్షకి, సగం ఇంకోదానికి అని పంచకూడదు, ఎందుకంటే నూనె నీళ్లలో సమానంగా పరుచుకోదు, ఏ సగంలో ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. సీసా మొత్తాన్ని వాడి, ఖాళీ సీసాని మళ్లీ హెక్సేన్‌తో తొలిపి అది కూడా ఫన్నెల్‌లో పోయాలి. పైన తేలే తెట్టుని ముంచి పట్టినా తప్పే, తెట్టుని తప్పించి అడుగు నుంచి పట్టినా తప్పే. నీళ్లు బాగా కలిసి ఉరికే చోట పట్టాలి. వెంటనే ఆమ్లం కలిపి ఐస్ పెట్టెలో పెట్టాలి, లేకపోతే ఎండలో ల్యాబ్‌కి చేరేలోపు సీసాలోని బాక్టీరియా విందు ముగించేస్తుంది. సరిగ్గా దాస్తే 28 రోజుల దాకా చేయొచ్చు.

ఇంత చాదస్తం ఎందుకంటే లెక్కలో ఉన్నది చాలా చిన్న బరువు. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం వ్యర్థజలాన్ని వాగులో, చెరువులో కలపాలన్నా, పొలాలకి పారించాలన్నా జిడ్డు లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. మునిసిపాలిటీ మురుగు పైపులోకి అయితే 20. ఒక నూనె చుక్క బరువే ఇరవై, ముప్పై మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే లీటరులో అర చుక్క. దాన్ని వంద గ్రాముల ఫ్లాస్కులో తూకం వేయడమంటే పదివేలలో ఒక వంతు తేడాను పట్టుకోవడం, ఫ్లాస్కు మీద వేలిముద్ర పడ్డా, డెసికేటర్‌లో తేమ పీల్చే నీలం గుళికలు తడెక్కి గులాబీ రంగుకి తిరగడం చూసుకోకపోయినా ఆ తేడా కదిలిపోతుంది. 1664 పద్ధతిలో నమ్మకంగా చెప్పగల కనీస అంకె లీటరుకి 5 మిల్లీగ్రాములు. తెలిసిన బరువు కలిపి ల్యాబ్‌ని పరీక్షించేటప్పుడు 40 మిల్లీగ్రాములకి 78 నుంచి 114 శాతం దాకా తిరిగి వస్తే చాలు, పాస్. అంటే 40 ఉన్న చోట 31 చెప్పినా, 45 చెప్పినా ఆ ల్యాబ్ మంచి ల్యాబే. అలాంటప్పుడు 9.8 వస్తే సంబరం, 10.4 వస్తే నోటీసు అన్నది చట్టానికి అవసరం కావచ్చు, కెమిస్ట్రీకి మాత్రం ఆ రెండూ ఒకటే.

తాగే నీళ్లకి వస్తే ఈ తూకం పద్ధతి అసలు పనికిరాదు. ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో మినరల్ ఆయిల్ లీటరుకి 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఈ పద్ధతికి 5 లోపు కళ్లు ఆనవు. అక్కడ ఇన్‌ఫ్రారెడ్‌తోనో గ్యాస్ క్రొమటోగ్రఫీతోనో చేయాలి. చిత్తూరు పల్లెల్లో బోరు మోటారు ఆయిల్ కారి నీళ్ల మీద తెట్టు కట్టిందని కంగారు పడేవాళ్లు ల్యాబ్‌కి పరిగెత్తే ముందు ఒక పుల్ల తీసుకుని ఆ తెట్టుని కదిపి చూడొచ్చు. పగిలిన అద్దంలా ముక్కలుముక్కలై విడివిడిగా ఉండిపోతే అది ఇనుము బాక్టీరియా పొర, నూనె కాదు. చీలిన వెంటనే మళ్లీ సాగి కలిసిపోతే అది నూనే. పైసా ఖర్చు లేని పరీక్ష, చాలాసార్లు ఇదే సరిపోతుంది.

ఇప్పుడు మొదట్లో వదిలిన రెండు కాలవల దగ్గరికి. హోటల్ 18, షెడ్డు 18. వీటిని విడదీయడానికి ఒక చిన్న అదనపు మెట్టు ఉంది, అడిగితే చాలా ల్యాబ్‌లు చేస్తాయి, అడగకపోతే ఎవరూ చేయరు. తూకం వేసిన జిడ్డుని మళ్లీ హెక్సేన్‌లో కరిగించి సిలికా జెల్ పొడి వేసి కలియబెడతారు. నెయ్యి, వంటనూనె, సబ్బు నుంచి వచ్చిన కొవ్వు ఆమ్లాలు ఆ పొడికి అంటుకుని ఆగిపోతాయి, తలంటుకి రాసుకున్న నూనెను సున్నిపిండి పీల్చుకున్నట్టు. డీజిలు, ఇంజినాయిలు, గ్రీజు లాంటి హైడ్రోకార్బన్లు మాత్రం అంటవు, వడకడితే హెక్సేన్‌తో పాటు కిందికి దిగిపోతాయి. దాన్ని ఆవిరి చేసి మళ్లీ తూకం. హోటల్ 18 ఒకటికో రెండుకో పడిపోతుంది, షెడ్డు 18లో పదిహేనో పదహారో నిలుస్తుంది. ల్యాబ్ తనను తాను పరీక్షించుకోవడానికి వాడే జంట కూడా ఇదే లెక్కన ఎంచినది: స్టియరిక్ ఆమ్లం, హెక్సాడెకేన్ సమపాళ్లలో. మొదటిది కొవ్వుకి ప్రతినిధి, రెండోది పెట్రోలియానికి. సిలికా తర్వాత మొదటిది పోవాలి, రెండోది మిగలాలి.

ఇంతకు మించి ఈ పరీక్షని అడగకూడదు. 2024 సెప్టెంబరు నుంచి తిరుపతిలో టీ కొట్ల దగ్గర కూడా 'ఎస్ వాల్యూ' అన్న మాట వినపడింది కాబట్టి నూనె పరీక్ష అంటే ఏ జంతువుదో ఏ గింజదో చెప్పేస్తుందనే నమ్మకం జనంలో ఏర్పడింది. ఆ లడ్డు నెయ్యి వివాదం జోలికి ఇక్కడ పోనక్కర్లేదు, కానీ ఎస్ వాల్యూ అనేది వేరే జాతి పరీక్ష. పాలకొవ్వులోని ట్రైగ్లిజరైడ్లను, అంటే కొవ్వు అణువులను, గ్యాస్ క్రొమటోగ్రఫీలో విడదీసి, వాటి పాళ్లను కొన్ని సూత్రాల్లో పెట్టి, ఒక్కొక్కటీ వందకి ఎంత దగ్గరగా ఉందో చూస్తారు. మొత్తం కొవ్వు సూత్రానికి ఐఎస్ఓ 17678 పెట్టిన హద్దులు 95.68 నుంచి 104.32. ఆవు తిన్న మేతని బట్టి కూడా అది కదులుతుంది, అందుకే దాన్ని చదవడానికి కూడా జాగ్రత్త కావాలి. కాలవ నీళ్లలో కలిసి, కుళ్లి, సబ్బుతో విరిగిపోయిన జిడ్డు మీద అలాంటి జాతకాలు నడవవు.

ఏ జిడ్డో తెలిస్తే ఏం లాభం అంటే, మందు వేరు కాబట్టి. వంటనూనెకి విషం లేదు, కానీ ఆక్సిజన్ ఆకలి విపరీతం. కొవ్వుల్లో ఉండే పామిటిక్ ఆమ్లాన్నే తీసుకుంటే ఒక గ్రాము పూర్తిగా కుళ్లడానికి దాదాపు 2.9 గ్రాముల ఆక్సిజన్ కావాలి, అదే గ్లూకోజుకి గ్రాము చిల్లర చాలు. మన ఎండలకి 30 డిగ్రీలున్న నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములే. లెక్క వేసుకుంటే కాలవలో పడిన ఒక చెంచా నెయ్యి, నాలుగున్నర గ్రాములనుకుందాం, పదిహేడు వందల లీటర్ల చెరువు నీళ్లలోని ఆక్సిజన్ని తాగేస్తుంది. చిత్తూరు వైపు డెయిరీలకి నేల మీద ఒలికిన పాలంటే అంత భయం ఇందుకే. లీటరు ఆవుపాలలో నలభై గ్రాముల దాకా వెన్న ఉంటుంది, దాన్ని నీళ్లు కలిపే 10 మిల్లీగ్రాములకి దించాలంటే నాలుగువేల లీటర్లు కావాలి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నీళ్లు కూడా సీజన్‌లో ఆక్సిజన్ని ఇలాగే తింటాయి, అక్కడ దోషం ఎక్కువగా చక్కెరది, జిడ్డు పరీక్ష దాన్ని చూడనే చూడదు.

షెడ్డు జిడ్డు కథ ఇంకోలా ఉంటుంది. ఇంజినాయిల్ని బాక్టీరియా అంత ఇష్టంగా తినదు, అరిగిన లోహాలు అందులో ఉంటాయి, మురుగు శుద్ధి కేంద్రానికి చేరినా మడ్డిలో కూర్చుంటుంది. దానికి మూలం దగ్గరే డబ్బాలో పట్టడం తప్ప వేరే దారి లేదు.

వంటింటి జిడ్డుకి అందరూ చెప్పే మందు గ్రీజ్ ట్రాప్. పేరు గొప్పదే కానీ అది ఒక తొట్టి మాత్రమే, నీళ్లు కాసేపు నిలబడితే నూనె పైకి తేలుతుందన్న ఒక్క నమ్మకం మీద కట్టింది. ఆ నమ్మకం చుక్క సైజు మీద ఆధారపడి ఉంటుంది. స్టోక్స్ సూత్రంలో తేలే వేగం చుక్క వ్యాసానికి వర్గంగా పెరుగుతుంది. 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్క మీటరు లోతు నుంచి పైకి రావడానికి పన్నెండు నిమిషాలు పడితే, 15 మైక్రాన్ల చుక్కకి నూరింతలు, అంటే ఇరవై గంటలు. ఇంకా పదో వంతైతే ఎనభై రోజుల పైమాటే. వంటగదిలో జరిగేది ఏమిటంటే సలసల కాగే నీళ్లు, గిన్నెల లిక్విడ్, పీచుతో రుద్దుడు, ఈ మూడూ కలిసి నూనెను సరిగ్గా ఆ చిన్న సైజుకి నూరి పెడతాయి. తొట్టిలో తెట్టు కట్టినట్టే ఉంటుంది, సన్నగా నూరుకుపోయిన నూనె దానికింద నుంచి జారిపోతూ ఉంటుంది. ముందుకు పోయి పైపులో చల్లబడ్డాక, బోరు నీళ్లలోని కాల్షియంతో, సిమెంటు పైపులోంచి ఊడే కాల్షియంతో కలిసి సున్నపు సబ్బుగా గట్టిపడుతుంది. లండన్‌లో 2017లో వైట్‌చాపెల్ దగ్గర బయటపడిన 250 మీటర్ల, 130 టన్నుల గడ్డ ఇలా పుట్టిందే. తిరుపతి సందుల్లో మ్యాన్‌హోల్ పొంగినప్పుడు కూలీ గడ్డపారతో పెకలించే తెల్లటి పెళ్లలు దాని చిన్న చెల్లెళ్లు. కడిగే ముందు పళ్లేన్ని, మూకుడుని కాగితంతోనో పాత గుడ్డతోనో తుడిస్తే ఏ ట్రాప్ చేయలేని పని అవుతుంది, కానీ రద్దీ వేళ ఆ పని చేసే తీరిక ఎవరికుంటుంది.

కాగిన నూనె సంగతికి వస్తే, 2018 జూలై 1 నుంచి ఫుడ్ సేఫ్టీ నియమాల ప్రకారం వేయించే నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పదేపదే కాగి విరిగినప్పుడు పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదు, అదే ఏడాది మొదలైన రూకో కార్యక్రమం ఆ నూనెను బయోడీజిలుకి మళ్లించడానికి పెట్టినది. డబ్బాలో పోసి అమ్మితే డబ్బు వచ్చే నూనె, కాలవలో పోస్తే ఖర్చు తెచ్చే నూనె ఒకటే.

చివరగా రిపోర్టులో సాధారణంగా కనిపించని ఒక గడి గురించి. జిడ్డు శాంపిల్‌ని రోజంతా కొంచెం కొంచెం పట్టి ఒక డబ్బాలో కలపడం కుదరదు, ఆ డబ్బా గోడలే సగం తినేస్తాయి, కాబట్టి ఎప్పుడూ ఒక్కసారి, ఒక్క క్షణంలో పట్టినదే. పొద్దున తొమ్మిదిన్నరకి పొంగలి గుండిగలు, నెయ్యి గరిటెలు తోమే వేళ పడితే ఒక అంకె. మధ్యాహ్నం మూడున్నరకి వంటవాళ్లు బస్తాల మీద నడుం వాల్చిన వేళ, కాలవలో కుళాయి నీళ్లు తప్ప ఏమీ లేనప్పుడు పడితే ఇంకో అంకె. బ్రహ్మోత్సవాల వారంలో పడితే మూడో అంకె. కాగితం మీద తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది, ముద్ర ఉంటుంది. గంట ఎంతయిందో రాసి ఉందేమో చూడండి, చాలా కాగితాల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది.